బుడ్డికి పూసిన సున్నం

కొలతలాయన గేటు దాటి లోపలికి వచ్చేసరికి మేనేజరు నిచ్చెన మీద ఉన్నాడు. గ్రీన్‌హౌస్ తలుపు పక్కన ఇనుప స్తంభం, దాని కొసన పళ్ళెమంత పలక, పలక మీద ఎండను కొలిచే పరికరం. దానికి బోర్లించిన గాజు బుడ్డి. మేనేజరు ఆ బుడ్డిని జేబురుమాలుతో తుడుస్తున్నాడు. ఒకసారి తుడిచి, నోటితో ఆవిరి ఊది, మళ్ళీ తుడిచాడు.

"రావయ్యా తమ్ముడూ, రా. నువ్వొచ్చేసరికి అద్దంలా ఉండాలని," అన్నాడు దిగుతూ. రుమాలు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

కొలతలాయన భుజం మీది సంచీ దించలేదు. "తుడిచేశారా అన్నయ్యా?"

"మరి? చుట్టం వస్తున్నాడంటే వాకిలి ఊడవమా?"

ఇద్దరూ తోడల్లుళ్ళు. అక్కని మేనేజరు చేసుకుంటే చెల్లెల్ని కొలతలాయన చేసుకున్నాడు. వరసకి అన్నదమ్ములే గాని, పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చుని భోంచేయడం తప్ప ఇద్దరి మధ్యా పెద్దగా మాటలుండవు.

ఎండ కొలిచే వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇంతకంటే అపకారం చేసే మర్యాద లేదు. పరీక్షించడానికి వచ్చినవాడు ముందు పరికరాన్ని ఉన్నదున్నట్టు కొలవాలి. దుమ్ముంటే దుమ్ముతో, పిట్ట రెట్ట ఉంటే రెట్టతో. ఆ తర్వాత తుడిచి మళ్ళీ కొలవాలి. రెండింటి మధ్య ఉన్న తేడాయే అది అంతకాలం ఎంత అబద్ధం చెప్పిందో చెబుతుంది. కాని వెళ్ళిన ప్రతిచోటా, గ్రీన్‌హౌసుల్లోనూ వాతావరణ కేంద్రాల్లోనూ, ఎవరో ఒకరు గౌరవం కొద్దీ ముందే తుడిచి ఉంచుతారు. డాక్టరు వస్తున్నాడని రోగి మొహానికి పౌడరు రాసినట్టు. మామూలుగా అయితే ఆయన ఓ మాటని ఊరుకునేవాడు. ఈసారి ఊరుకోవడానికి లేదు.

ముందువారం ఇక్కడ పనిచేసే ఒకామె మిట్టమధ్యాహ్నం టమాటా వరసల మధ్య పడిపోయింది. ఆసుపత్రిలో స్పృహ వచ్చింది గాని చేతుల వణుకు తగ్గలేదు. ఇక్కడి నియమం ఏమిటంటే, ఎండ ఒక గీత దాటితే గంట మోగాలి, కప్పు కింద తెర పరుచుకోవాలి, లోపలున్నవాళ్ళు బయటికి వచ్చేయాలి. గంటని మోగించేది ఈ బుడ్డే. ఆ రోజు గంట మోగలేదు. మోగనవసరం లేని ఎండే అయితే తప్పు ఆమెది. తినకుండా వచ్చింది, ఒంట్లో నీరసం, అలాంటి మనిషి పనికి పనికిరాదు. మోగాల్సిన ఎండ అయి ఉండి మోగకపోతే తప్పు యాజమాన్యానిది. వైద్యం వాళ్ళే చేయించాలి, ఉద్యోగం ఉంచాలి. ఏది నిజమో బుడ్డి చెప్పాలి. బుడ్డి నిజం చెబుతోందో లేదో కొలతలాయన చెప్పాలి. ఆయన్నే పంపమని ఆఫీసుకి ఫోన్ చేసి అడిగింది మేనేజరే.

కొలతలాయన నిచ్చెన ఎక్కాడు. తన పెట్టెలోంచి తెచ్చుకున్న పరికరం తీసి దాని పక్కన బిగించాడు. ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడకూడదు, రెండూ ఒకే మట్టంలో ఉండాలి. మరలు ఒక్కొక్కటే తిప్పుతూ, మట్టం చూపే గాలిబుడగ గుండ్రటి గీత నడిమికి వచ్చి నిలిచేదాకా ఆగాడు. ఈలోగా మేఘాలు కమ్ముకున్నాయి. వచ్చీపోయే ఎండలో పోలిక కుదరదు. నిలకడగా కాయాలి. తీగలు చుట్టి కిందికి దిగి లోపలికి వెళ్ళాడు.

లోపల టమాటా తీగలు తాళ్ళ మీదుగా మనిషి తలకంటే ఎత్తు పాకి ఉన్నాయి. వరసకొకరు చొప్పున ఆడవాళ్ళు పక్కపిలకలు గిల్లుతున్నారు. పిలక గిల్లినప్పుడల్లా వచ్చే పసరు వేళ్ళకి అంటుకుని, ఆరి, పచ్చగా మొదలై నల్లగా తేలుతుంది. మధ్యాహ్నానికి అరచేతులు తారు పూసినట్టు అవుతాయి. మేనేజరు వెనకే నడుస్తున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు.

ఈ వేసవిలో గంట ఎన్నిసార్లు మోగిందని కొలతలాయన అడిగాడు. ఆడవాళ్ళు ఆయన్ని కాకుండా ఆయన వెనకున్న మనిషిని చూశారు. అందరిలోకీ పెద్దది, అందరూ పెద్దక్క అని పిలిచే ఆమె, గిల్లడం ఆపకుండానే జవాబు చెప్పింది.

"గంట ఉందండీ. తలుపు మీద. సాలెపురుగు కాపురం పెట్టింది దాంట్లో. పిల్లల్ని కూడా కన్నట్టుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు దగ్గాడు. నవ్వు ఆగిపోయింది.

*

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. రెండు బుడ్లూ పక్కపక్కన ఎండ కాచుకుంటుంటే కొలతలాయన నిచ్చెన కింద స్టూలు వేసుకుని రెండు అంకెలనూ చూస్తూ కూర్చున్నాడు. ఇదీ అదీ ఒకటే చెబుతున్నాయి. పరికరంలో లోపం లేదు.

ఆ మాట వినగానే మేనేజరు ఆయన భుజం తట్టాడు. తను ముందే చెప్పానన్నాడు, పరికరం బంగారమన్నాడు, సంతకం పెట్టేస్తే సాయంత్రానికల్లా ఇంటికి చేరుకోవచ్చన్నాడు. అటు పెళ్ళాన్ని ఎంతసేపు ఒంటరిగా ఉంచుతావని పరాచికమాడాడు. ఇంకా ఏదో అనబోతుండగా గంట మోగింది.

కర్కశమైన మోత. గంటలోని సాలెగూడు అదిరి, తెగి, తలుపు ముందు వేలాడింది. లోపల కప్పు కింద తెర కీచుమంటూ కదిలింది. ఆడవాళ్ళు వరసల్లోంచి తొంగి చూశారు. ఒకామె నిప్పంటుకుందనుకుని చేతిలో బుట్ట పారేసి పరుగెత్తుకొచ్చింది. కొందరు కదలకుండా నిలబడి మేనేజరు మొహం చూశారు. గంట మోగితే బయటికి రావాలని వాళ్ళలో సగం మందికి తెలియదు. తెలిసినవాళ్ళకి అది ఎలా మోగుతుందో తెలియదు.

"ఇవాళ ఎండ ఎక్కువలే," అన్నాడు మేనేజరు.

కొలతలాయన అంకె రాసుకున్నాడు. పొద్దున్నే వాతావరణ కేంద్రానికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆమె పడిపోయిన రోజు ఎండ ఈ రోజుకంటే ఎక్కువ.

ఆయన మళ్ళీ నిచ్చెనెక్కాడు. బుడ్డి తుడిచినవాడు పైపైనే తుడిచాడు. గాజు లోహంలో కూర్చునే చోట సన్నటి గాడి ఉంటుంది. కుంచె కొసతో గాడి చుట్టూ గీశాడు. తెల్లటి పొలుసులు రాలి కింద పట్టిన కాగితంలో పడ్డాయి. మరల తలల్లో కూడా ఉంది. వేళ్ళ మధ్య నలిపి చూశాడు. దుమ్ము కాదు, రెట్ట కాదు. వేసవిలో గ్రీన్‌హౌసుల కప్పులకి చల్లే సున్నం.

కాగితం తెచ్చి చూపించాడు. మేనేజరు ఏమాత్రం తడుముకోలేదు. కప్పు మీద సున్నం చల్లేటప్పుడు చుక్క ఎగిరి పడి ఉంటుందన్నాడు.

కొలతలాయన తల పైకెత్తి కప్పు చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్క అద్దం మీద కూడా సున్నం మరక లేదు. సున్నం చల్లితే లోపల చల్లగా ఉంటుంది గాని కాయ ఎర్రబడటం ఆలస్యమవుతుంది. అందుకని చల్లలేదు. తలుపు తీసి ఉన్న కొట్టుగదిలో సున్నం బస్తాలు కట్టిన తాళ్ళతో అలాగే ఉన్నాయి. ఒక్క బస్తా మాత్రం మూతి విప్పి ఉంది.

"ఇంత కప్పుకి దొరకని సున్నం గుప్పెడంత బుడ్డికి ఎలా దొరికింది అన్నయ్యా?"

మేనేజరు అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. కోపం తెచ్చుకోలేదు. నవ్వాడు. కొలతలాయన ఆ నవ్వే నోటి వైపు చూశాడు. గాజు మీద ఆవిరి ఊదిన నోరు అది.

"సరే, రాసుకో. పూసిందెవరో కూడా రాయి మరి. ముందువారం పడిపోయిందే, ఆ పొడుగామే. నాలుగు మెట్లెక్కితే ఆవిడకే అందుతుంది. పరికరం ముట్టుకోవద్దని గోడ మీద ఇంత లావు అక్షరాలతో రాసి ఉంది. ముట్టుకున్నవాళ్ళకి ఉద్యోగం ఉండదని కూడా ఉంది. చూసుకో."

"మీరు చెప్పకుండా పూసిందా?"

"నేను చెప్పానని ఎవరంటారు?" అన్నాడు మేనేజరు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అదే రుమాలు. మెడ మీద తెల్లటి చార పడింది. అది ఆయనకి తెలియదు.

*

పొడుగామె ఇల్లు ఒక గది, ముందు ఒక పంచ. ఆమె గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. కూర్చున్నా ఆమె పొడవు తెలుస్తోంది. అత్తగారు గ్లాసుతో నీళ్ళు ఇస్తే రెండు చేతులతో పట్టుకుంది, అయినా నీళ్ళు ఒలికాయి. పనికి వెళ్ళక వారం దాటినా గోళ్ళ చుట్టూ పసరు నలుపు ఇంకా వదలలేదు.

కొలతలాయన చాప మీద కూర్చున్నాడు. దారి పొడుగునా ఏం అడగాలో అనుకుంటూ వచ్చాడు గాని అడిగే పని పడలేదు. బుడ్డి మీద సున్నం కనబడిందని ఆయన అనగానే ఆమె తనే చెప్పేసింది.

"అది నేనే పూశానండీ. ఎండకి గాజు పగులుతుంది, కాస్త సున్నం పూయమ్మా, నీకైతే అందుతుంది అన్నారు సారు. ఖరీదైన వస్తువు కదాని జాగ్రత్తగానే పూశాను. కుంచె గీతలు పడకుండా, అంతా ఒకేలా." ఆయన మొహం చూసి, "బాగా పూయలేదా అండీ?" అంది.

కొలతలాయన ఆమె చేతులు చూశాడు. బాగానే పూశావమ్మా అన్నాడు.

ఆ బుడ్డి ఏమిటో, దానికీ గంటకీ ఉన్న సంబంధం ఏమిటో అప్పుడు విడమరిచి చెప్పాడు. ఆమె చివరిదాకా వింది. గ్లాసు కింద పెట్టింది. తన చేత్తో తన గంట నోరు తనే మూసిందని అర్థమయ్యాక కూడా ఆమె మొహంలో కోపం రాలేదు. సిగ్గు వచ్చింది. అది చూడలేక ఆయన పక్కకి తిరిగాడు.

మేనేజరు ఆ మాట చెప్పినప్పుడు ఇంకెవరైనా విన్నారా అని అడిగాడు. తలుపు దగ్గర అందరూ ఉన్నారంది. అందరూ విన్నారు. పెద్దక్క నిచ్చెన కూడా పట్టుకుంది.

"చెబుతారా వాళ్ళు?"

ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారు అందుకుంది. "ఎవరి పొయ్యి వాళ్ళది బాబూ. ఇది పడిపోయిన రోజు మోసుకొచ్చిందీ వాళ్ళే. మర్నాడు పొద్దున్నే పనికి పోయిందీ వాళ్ళే. పోక ఏం చేస్తారు?"

ఆ సాయంత్రం తోడల్లుడి ఇంట్లో భోజనాల బల్ల మీద గిన్నె నిండా టమాటాలు పెట్టారు. ఒక్కదానికీ మచ్చ లేదు, అన్నీ ఒకే ఎరుపు. మన షెడ్డువే అంది వదిన, తినమంది. కొలతలాయన ఒకటి చేతిలోకి తీసుకుని మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు. కూర్చోబెట్టి వడ్డిస్తుంటే ముద్ద గొంతు దిగడం లేదు. ఆ ఇంటి గోడలు, కుర్చీలు, చల్లటి గాలి విసిరే యంత్రం, దేన్ని చూసినా రోత పుట్టింది. నిన్న రాత్రి ఇదే బల్ల దగ్గర మారు వడ్డించుకుని తిన్న తన మీద ఇంకా రోత పుట్టింది.

"ఏవయ్యా మరిదీ, కూర బాగాలేదా?" అంది వదిన.

"బాగుంది వదినా."

"బాగుండకేం," అన్నాడు మేనేజరు. "తిన్న ఇంటి వాసాలు లెక్కపెడుతున్నాడు, అందుకని ముద్ద దిగట్లేదు."

"వాసాలు లెక్కపెట్టే ఉద్యోగమే అన్నయ్యా నాది," అన్నాడు కొలతలాయన. "లెక్కపెట్టడానికి నన్నే పంపమన్నది మీరు."

వదిన ఇద్దరినీ మార్చి మార్చి చూసి గిన్నె లోపలికి తీసుకుపోయింది. ఆ తర్వాత కొలతలాయన తను చేయబోయేది చెప్పాడు. బుడ్డి తుడిచేశారు కాబట్టి ఉన్నదున్నట్టు కొలవడం కుదరలేదు. రేపు మళ్ళీ సున్నం పూసి, ఆ రోజు ఎలా ఉందో అలా పెట్టి, కొలవాలి. పనివాళ్ళు లోపల ఉండకూడదు. కాని లోపలి వేడి చూసి చెప్పడానికి ఒక బాధ్యతగల మనిషి మాత్రం థర్మామీటరు పట్టుకుని వరసల మధ్య నిలబడాలి, గంట మోగేదాకా.

మేనేజరు ఆలోచించాడు. ఇందులో తనకి నష్టమేమీ కనబడలేదు. పొడుగామె చేసిన పని ఎంత పనో అందరి కళ్ళముందూ రుజువవుతుంది.

"బాగుంది. పూయి, అందరూ చూస్తారు. లోపల నేనే ఉంటాను. ఆ మాత్రం ఎండకి పడిపోవడానికి నేనేమైనా తిండి మానేసి వస్తున్నానా?"

*

మూడోనాడు ఆకాశంలో మబ్బు తునక లేదు. కొలతలాయన సున్నం కలిపి, పొడుగామె చెప్పినట్టే, కుంచె గీతలు పడకుండా బుడ్డి మీద ఒక పూత పూశాడు. ఆరనిచ్చాడు. తన బుడ్డి మాత్రం తేటగా ఉంచాడు. తడి ఆరి తెలుపు తేలేకొద్దీ రెండు అంకెలూ విడిపోయాయి. తన బుడ్డి చెప్పేదాంట్లో మూడోవంతు సున్నంబుడ్డికి కనబడటమే లేదు.

ఆడవాళ్ళు తలుపు బయట నీడలో నిలబడ్డారు. పని లేకుండా నిలబడటం అలవాటు లేక కొందరు గోళ్ళలో పసరు గీక్కుంటున్నారు. మేనేజరు ఇస్త్రీ చొక్కాతో, చేతిలో థర్మామీటరుతో లోపలికి నడిచాడు. వెళుతూ వెళుతూ వాళ్ళకి వినబడేలా, ఈ వేడికే పడిపోతారట అన్నాడు.

మొదట్లో ఆయన అంకెలు అరిచి చెప్పాడు. కొలతలాయన బయట నుంచి సరేనన్నాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. తేట బుడ్డి గీత దాటింది. సున్నంబుడ్డి దాటలేదు. కొలతలాయన లేచి నిలబడి గంట వైపు చూశాడు. తెగిన సాలెగూడు అలాగే వేలాడుతోంది, కదలలేదు.

లోపలి నుంచి అంకెలు రావడం తగ్గింది. అద్దాల్లోంచి చూస్తే మేనేజరు చొక్కా వీపుకి అంటుకుపోయి కనిపించింది. ఒక తాడు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత రెండు తాళ్ళు పట్టుకున్నాడు.

"ఇంకా మోగలేదేం?" అని అరిచాడు.

"సున్నం ఉంది కదండీ," అన్నాడు కొలతలాయన.

చేతిలో నీళ్ళ సీసాతో ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. బయటికి రావద్దని ఎవరూ అనలేదు. రావాలంటే గంట మోగకుండానే వచ్చేయాలి, అంతే. గంట మోగకుండా బయటికి వచ్చిన పనివాళ్ళకి ఇక్కడ ఏం జరుగుతుందో ఆ నియమం పెట్టిన మనిషికే తెలుసు.

ఇంకాసేపటికి మేనేజరు వచ్చేశాడు. గుమ్మంలో ఒక చేత్తో తలుపు పట్టుకుని ఆగాడు. మొహం కందిపోయింది, పెదాలు తెల్లబడ్డాయి. నీళ్ళు తాగాడు, సగం చొక్కా మీద పోసుకున్నాడు. ఊపిరి కుదుటపడ్డాక ఆడవాళ్ళ వైపు చేయి చాచాడు.

"చూస్తారేంటి? ఎవరైనా ఎక్కండి. ముందు ఆ సున్నం తుడవండి."

ఎవరూ కదల్లేదు.

"మిమ్మల్నే. తుడవండి."

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొలతలాయన మాట్లాడలేదు. తను ఒక్క మాట అన్నా ఇది తన మాట అయిపోతుందని ఆయనకి తెలుసు. పెద్దక్క చెంగుతో చేతులు తుడుచుకుంది. ఆ చేతుల నలుపు తుడిస్తే పోయేది కాదు, అయినా తుడుచుకుంది.

"మేం ముట్టుకోం సార్," అంది. "ముట్టుకుంటే ఉద్యోగం ఉండదని గోడ మీద రాసుంది. ఆ రోజు మీరు పూయమ్మా అంటే మా పొడుగుది పూసింది. నిచ్చెన నేనే పట్టుకున్నాను. ఇప్పుడు తుడవమంటున్నారు. మీరు పూయమంటే పూసి, తుడవమంటే తుడిచి, చివరికి తప్పు మాదవుతుంది."

ఆమె గొంతు పెద్దది చేయలేదు. వెనకున్నామె, అవును సార్, మేమూ విన్నాం అంది. ఇంకొకామె కూడా ఆ మాటే అంది. మిగిలినవాళ్ళు ఏమీ అనలేదు గాని నీడలోంచి పక్కకి జరగనూ లేదు. నిచ్చెన వాళ్ళ పక్కనే గోడకి ఆనించి ఉంది.

మేనేజరు కొలతలాయన వైపు చూశాడు. తోడల్లుణ్ణి చూసే చూపు. ఆ చూపులో పెళ్ళి భోజనాలున్నాయి, అక్కాచెల్లెళ్ళున్నారు, నిన్న తినకుండా వదిలేసిన టమాటాలున్నాయి. కొలతలాయన కలం తీసి, పెద్దక్క అన్న మాట ఆమె అన్నట్టుగానే రాసుకున్నాడు. రాసింది పైకి చదివాడు. సరిగ్గా ఉందా అమ్మా అని అడిగాడు. పొడుగుది కాదు, పొడుగామె అని రాయండి, మర్యాదగా ఉంటుంది అందామె. దిద్దాడు. పెద్దక్క కలం అందుకుని సంతకం పెట్టింది. కాగితం అంచున పసరు వేలిముద్ర పడింది.

ఇక చేసేదేమీ లేక మేనేజరు తనే నిచ్చెన స్తంభానికి ఆనించుకుని ఎక్కాడు. ఎవరూ పట్టుకోలేదు. ఒక మెట్టు దగ్గర కాలు తడబడితే పెద్దక్కే వచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, నిచ్చెన పట్టుకుంది. ఆయన జేబులోంచి రుమాలు తీశాడు. పొడి గుడ్డకి సున్నం వదల్లేదు, గాజు మీద చారలు చారలుగా పరుచుకుంది. నోటితో ఆవిరి ఊదాడు. మళ్ళీ తుడిచాడు. సున్నం చేతులకి, చొక్కా గుండీలకి, చెంపకి అంటింది.

కింద కొలతలాయన అంకె చూస్తున్నాడు. కొంచెం కొంచెం పెరుగుతోంది.

"అంచు దగ్గర మిగిలింది అన్నయ్యా," అన్నాడు. "గాడిలో కూడా."

మేనేజరు గోటితో గాడి గీకాడు.

గంట మోగింది. కీచుమంటూ తెర పరుచుకుంది. ఎండ పట్టిన టమాటా వరసల మీదుగా నీడ ఆ చివరిదాకా పాకింది. లోపల ఎవరూ లేరు.